నీరెండలో రెక్కలు

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు తీసిన ఫొటోలో విమానం సగమే కనిపిస్తుంది. పైభాగం తెల్లగా మెరిసిపోయి వివరాలు పోతాయి, పొట్ట నల్లబడిపోతుంది, రెక్కల నీడ ఇంజిన్లను మింగేస్తుంది. అదే విమానం పొద్దు పొడిచిన పావుగంటకు వచ్చి దిగిందంటే సంగతి వేరు. వెలుగు దాదాపు నేలకు సమాంతరంగా వచ్చి రెక్కల అడుగుకు దూరుతుంది. చక్రాల కాళ్లు, ఇంజిన్ల అంచులు, కిందికి వాలిన ఫ్లాప్‌లు, రేకుల అతుకులు, రివెట్ల వరసలు వేటికవి విడిగా తేలతాయి. తెల్లరంగు వేసిన దేహానికి ఒక పక్క నీరెండ బంగారం, రెండో పక్క ఆకాశపు నీలం అంటుకుంటాయి. విమానాలను ఫొటో తీసేవాళ్లు ఏ దేశంలోనైనా చీకటితో లేచి బయల్దేరేది ఈ వెలుగు కోసమే.

దీని వెనుక శాస్త్రం ఉంది. సూర్యుడు దిగంతాన ఉన్నప్పుడు ఆ కిరణాలు, నడినెత్తి నుంచి వచ్చేటప్పటి కంటే సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోగా నారింజ, ఎరుపు మిగులుతాయి. ఎండ తీవ్రత కూడా తగ్గడంతో వెలుగుకూ నీడకూ ఉన్న తేడా కెమెరాకు లొంగుతుంది. సూర్యుడు దిగంతం కిందికి జారిన తర్వాత కాసేపు ఆకాశం ముదురు నీలంగా మారుతుంది. ఆ నీలానికి పై వాతావరణంలోని ఓజోన్ పెద్ద కారణం.

గాలి సంగతి కూడా తక్కువదేమీ కాదు. కాగిన రన్‌వే మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంటే ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా విమానం అంచులు వణుకుతాయి. వేకువన నేల చల్లగా ఉంటుంది కనుక ఆ బెడద ఉండదు. సాయంత్రం నేల ఇంకా వేడిగానే ఉన్నా, పగలంతా లేచిన దుమ్ము ఆకాశానికి రంగు తెస్తుంది. పదును కోరేవాళ్లు ఉదయాన్నీ, రంగు కోరేవాళ్లు సాయంత్రాన్నీ ఎంచుకుంటారు.

విమానం పుట్టిన రోజే దాని ఫొటో కూడా పుట్టింది. 1903 డిసెంబర్ 17 ఉదయం సుమారు 10.35కు రైట్ సోదరుల యంత్రం నేల విడిచిన క్షణాన్ని జాన్ డేనియల్స్ గాజు పలక మీద బంధించాడు. ఆ తర్వాతి తరంలో బ్రిటన్‌కు చెందిన చార్లెస్ ఈ. బ్రౌన్ (1896–1982) ఒక విమానంలో కూర్చుని మరో విమానాన్ని మేఘాల నేపథ్యంలో ఫొటో తీయడాన్ని కళ స్థాయికి తీసుకెళ్లాడు. ఆయన చిత్రాలు ఇప్పుడు ఆ దేశపు వైమానిక దళ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఫిల్మ్ రోజుల్లో విమాన ప్రియులు ఎక్కువగా నమ్ముకున్న కొడాక్రోమ్ స్లైడ్‌కు ఐఎస్ఓ 25 లేదా 64 మాత్రమే ఉండేది. మసక వెలుతురులో షట్టర్ నెమ్మదిగా పెట్టక తప్పేది కాదు. విమానంతో పాటే కెమెరానూ తిప్పే ప్యానింగ్ విద్య ఆ ఇబ్బందిలోనే రాటుదేలింది.

దిక్కుల లెక్క

ఈ పని కెమెరా బయటికి తీయకముందే, దిక్కులతో మొదలవుతుంది. రన్‌వే అంకెను పదితో గుణిస్తే అది ఏ దిశకు చూస్తుందో తెలుస్తుంది. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు. 27 అంటే 270 డిగ్రీలు, పడమర. శంషాబాద్, బేగంపేట, ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన జరిగే బెంగళూరు యలహంక రన్‌వేలన్నీ 09/27లే. విజయవాడది 08/26, విశాఖపట్నానిది 10/28. విమానాలు గాలికి ఎదురుగా ఎగిరి, గాలికి ఎదురుగానే దిగుతాయి. మన దగ్గర వానాకాలంలో పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి వీస్తాయి కాబట్టి రన్‌వేలు ఈ దిశలోనే వేశారు.

ఇక సూర్యుడి నడకను దీనికి కలపాలి. డిసెంబరులో హైదరాబాద్‌లో పొద్దు సరిగ్గా తూర్పున కాక, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తుంది. తూర్పు గాలి ఉన్న ఆ ఉదయాల్లో విమానాలు పడమటి నుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగుతాయి. అంటే ముక్కు మీదా, కుడి పక్క మీదా తొలి ఎండ పడుతుంది. రన్‌వే దారికి దక్షిణాన నిలబడ్డవారికి సూర్యుడు వీపు వెనక ఉంటాడు, విమానం వెలుగులోకి నడిచి వస్తుంది. జూన్, జూలైలలో లెక్క తిరగబడుతుంది. సూర్యుడు వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. పడమటి గాలికి విమానాలు తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి. వానమబ్బులు తెరిపి ఇచ్చిన సాయంత్రం ఉత్తరం పక్కన నిలబడితే ఆ వెలుగే మళ్లీ దొరుకుతుంది. చలికాలపు సాయంత్రం వచ్చే విమానాలు మాత్రం సూర్యుడి వైపు నుంచి వస్తాయి. అప్పుడు వివరాల ఆశ వదులుకుని నల్లని ఆకారాలు తీసుకోవాలి.

మనకు వ్యవధి తక్కువ. ఉష్ణమండలంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం తర్వాత పనికొచ్చే సంధ్య వెలుగు 22 నుంచి 25 నిమిషాలు. నడివేసవిలో లండన్ ఫొటోగ్రాఫర్‌కు అదే వెలుగు 45 నిమిషాలకు పైగా దొరుకుతుంది. అందుకే ఏ విమానం ఎప్పుడు వస్తుందో ముందే చూసి, చోటు ఎంచుకుని, సెట్టింగులు సిద్ధం చేసుకుని ఉండాలి.

షట్టర్ ఎంత?

దిగుతున్న ఎయిర్‌బస్ ఏ320 వేగం గంటకు సుమారు 260 కిలోమీటర్లు, అంటే సెకనుకు 72 మీటర్లు. షట్టర్ 1/1000 సెకను పెడితే ఆ లోపు విమానం 7 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/125 పెడితే అర మీటరు దాటుతుంది. వెలుతురు తగ్గేకొద్దీ షట్టర్ తగ్గించాల్సిందే. అప్పుడు నడుం నుంచి పైభాగమంతా విమానంతో కలిసి తిరగాలి. చూపుడువేలు నొక్కాక కూడా, విమానం దాటాక కూడా ఆ తిరుగుడు ఆగకూడదు. కుదిరితే విమానం కత్తిలా నిలిచి, వెనుక ఉన్న చెట్లూ దీపాలూ గీతలుగా సాగుతాయి.

ప్రొపెల్లర్ విమానాలకు పదునే శత్రువు. 1/1000లో తీస్తే పంకా రెక్కలు గడ్డకట్టినట్టు ఆగిపోయి, విమానం గాల్లో ఇంజిన్ ఆగి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్-72కి ఒక్కో ఇంజిన్‌కు ఆరు రెక్కల పంకా ఉంటుంది. టేకాఫ్‌లో అది నిమిషానికి 1200 సార్లు, అంటే సెకనుకు 20 సార్లు తిరుగుతుంది. 1/120 సెకనులో ఒక్కో రెక్క సరిగ్గా పక్క రెక్క ఉన్న చోటికి చేరుతుంది. ఫొటోలో పూర్తి చక్రం పడుతుంది. వేకువ వెలుగు ఆ చక్రం మీద పడితే అది పలచని పసుపు పళ్లెమవుతుంది. వైమానిక దళపు సారంగ్ బృందం ఎగరేసే ధ్రువ్ హెలికాప్టర్ల రోటరు ఇంకా నెమ్మదిగా, సెకనుకు అయిదు సార్లు తిరుగుతుంది కాబట్టి 1/60 దాకా దిగాలి.

మరో రెండు జాగ్రత్తలు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ బంగారు ఛాయను లోపమనుకుని సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో పెట్టుకోవాలి. తెల్ల విమానం ఫ్రేము నిండితే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోయి ఫొటోను మసకబారుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా పెంచుకోవాలి. ఎదురు వెలుగులో ఆకారం మాత్రమే కావాలనుకుంటే, ఆకాశాన్ని కొలిచి దానికి తగ్గట్టు దించాలి.

సూర్యబింబం ముందు

ఎర్రటి సూర్యుడి మధ్యలో విమానం: ఈ చిత్రం కోసం సంవత్సరాల తరబడి తిరిగేవారున్నారు. ఇది పూర్తిగా గణితం. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. 37.57 మీటర్ల పొడవున్న ఏ320 ఆ బింబంలో అంచు నుంచి అంచుకు ఇమడాలంటే ఫొటోగ్రాఫర్‌కు 4 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఆ దూరంలో అది బింబాన్ని దాటడానికి పట్టేది అర సెకను. సెకనుకు 20 ఫొటోలు తీసే కెమెరాకైనా దక్కేవి పది ఫ్రేములు. బింబం కూడా రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతుంది. అందుకే నిలబడే చోటును మ్యాపు మీద ముందే గీసుకుంటారు. ఒక్క విషయం మరవకూడదు: అద్దాల వ్యూఫైండర్‌లోంచి టెలిఫొటో లెన్సుతో సూర్యుణ్ణి చూస్తే కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది. సోలార్ ఫిల్టర్ లేనిదే సూర్యుడి జోలికి పోకూడదు.

పొద్దు గూకాక

చాలామంది కెమెరా సర్దుకునే వేళకే అనుభవజ్ఞులకు అసలు పని మొదలవుతుంది. ఆకాశపు నీలమూ, విమానం దీపాల కాంతీ కొద్ది నిమిషాలు సమానంగా తూగుతాయి. ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం, పొట్ట మీద మెరిసే ఎర్ర దీపం అన్నీ ఫొటోలో నిలుస్తాయి. ట్రైపాడ్ మీద కెమెరా ఉంచి 30 సెకన్లు షట్టర్ తెరిస్తే ఎగిరిన విమానం దారి ఒక వెలుగు గీత అవుతుంది.

ఇలాంటి వెలుగు దొరికే కార్యక్రమాలు కొన్ని దేశాల్లో జరుగుతాయి. లండన్ శివార్లలోని నార్త్‌హోల్ట్ వైమానిక స్థావరంలో నైట్‌షూట్ పేరుతో విమానాలను వరుసగా నిలిపి ఫొటోగ్రాఫర్లను అనుమతిస్తారు. అమెరికాలోని ఓష్‌కోష్‌లో ఏటా జూలై చివర జరిగే ఎయిర్‌వెంచర్‌లో గడ్డి మీద బారులు తీరిన పాత విమానాల మధ్య, వేకువన మంచు బిందువులు ఆరకముందే ఫొటోగ్రాఫర్లు తిరుగుతుంటారు.

విమానంలోంచి విమానాన్ని తీసేవారికి ఇంకో సౌలభ్యం ఉంది. వాళ్లు వెలుగు కోసం ఎదురుచూడక్కర్లేదు. రెండు విమానాలూ జంటగా ఒక పెద్ద వలయం తిరిగితే ముందు ఎండ, పక్క ఎండ, ఎదురు ఎండ అన్నీ వరుసగా వచ్చేస్తాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పాల్ బోవెన్ బి-25 బాంబరు తోక తుపాకీదారు స్థానంలో కూర్చుని, టాహో సరస్సు మీద కమ్ముకున్న మంచుపొరపై ఎగిరే సెస్నా సైటేషన్‌ను తీశాడు. రెక్కల చివర్ల నుంచి పుట్టే సుడులు ఆ మంచులో రెండు పాయలుగా చుట్టుకున్నాయి. కంటికి కనిపించని గాలి నడకను చూపించిన ఆ చిత్రాన్ని ఏరోడైనమిక్స్ చదివేవాళ్లు ఇప్పటికీ ఉదాహరణగా తీసుకుంటారు.

మిగిలేది ఫొటోయే

ఈ శ్రమకు విలువ విమానం వెళ్లిపోయాక తెలుస్తుంది. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21కు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. దాని ఎలక్ట్రానిక్ పరికరాలు తయారైంది హైదరాబాద్ హెచ్ఏఎల్‌లోనే. ఎయిర్ ఇండియా చివరి జంబో జెట్లలో ఒకటైన వీటీ-ఈవీఏ 2024 ఏప్రిల్ 22న ముంబయి నుంచి శాశ్వతంగా వెళ్లిపోయింది. ప్రపంచంలోకెల్లా బరువైన విమానం ఆంటనోవ్ ఏఎన్-225 2016 మేలో శంషాబాద్‌లో దిగింది. ఒకే ఒక్కటిగా ఎగిరిన ఆ విమానం 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది. నిజాం కాలంలో బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయీకరణతో చరిత్రలో కలిసింది. ఇవన్నీ ఎలా ఉండేవో రేపటి పిల్లలకు చూపించాల్సింది ఫొటోలే. అందులోనూ రెక్క వంపూ, రేకు అతుకూ కనిపించేలా ఏటవాలు వెలుగులో తీసినవే ఎక్కువ చెబుతాయి.

మన దగ్గర ఈ అలవాటుకు హద్దులున్నాయి, వాటిని గౌరవించాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, బేగంపేటలో వైమానిక దళ స్థావరం ఉంది. రక్షణ స్థావరాల్లో అనుమతి లేకుండా కెమెరా ఎత్తకూడదు. విమానాశ్రయాల దగ్గర డ్రోను ఎగరేయకూడదు. రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా, యలహంకలో జరిగే ఏరో ఇండియా సందర్శకులకు చట్టబద్ధంగా దొరికే మంచి అవకాశాలు.

అవి చాలవు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం రన్‌వే పక్కనే చూడవచ్చేవారికి చోటు కేటాయించింది. టోక్యో హనేదా టెర్మినళ్ల పైకప్పు మీద వీక్షణ వేదికలు కట్టారు. శంషాబాద్‌లోనూ కంచె బయట, రన్‌వేకు దక్షిణాన చలికాలపు ఉదయాల కోసం ఒకటి, ఉత్తరాన వానాకాలపు సాయంత్రాల కోసం ఒకటి ఎత్తైన వేదికలు కడితే భద్రతా సిబ్బందికి నిఘా సులువవుతుంది, పిల్లలకూ ఫొటోగ్రాఫర్లకూ చోటు దొరుకుతుంది. విమానాశ్రయ నిర్వాహకులు, రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఈ పనిని పట్టించుకోవాలి.