నక్షత్రగాథ - అభిమానుల ఆగ్రహము

2015వ సంవత్సరము డిసెంబరు మాసమున వెలువడిన 'స్టార్ వార్స్' ఏడవ భాగము ఒక మౌనదృశ్యముతో ముగిసినది. సముద్రమధ్యమందలి శిలాద్వీపముపై రే అను యువతి, వృద్ధుడైన ల్యూక్ స్కైవాకరునకు, ఒకనాడు ఆతడు పోగొట్టుకొనిన తండ్రి ఖడ్గమును చేయి చాచి అందించుచు నిలిచియుండును. ఆమె పలుకదు, ఆతడును పలుకడు. అచ్చటనే తెర పడినది. ఖడ్గమును గ్రహించి ఆ వీరుడు ఏమి చేయునో యని అభిమానిలోకము రెండు సంవత్సరములు ఎదురుచూచెను. 2017 డిసెంబరులో వచ్చిన ఎనిమిదవ భాగమగు 'ది లాస్ట్ జెడై'లో ఆతడు దానిని అందుకొని, ఒక్కమారు చూచి, భుజముమీదుగా వెనుకకు విసరివేసి, మారుమాటాడక నడచిపోయెను.

ఆ ఒక్క చేష్టతో రేగిన కలహము నేటికిని పూర్తిగా చల్లారలేదు.

మన యిండ్లలోని పిల్లలకు ఈ గాథ కంఠపాఠమే; ఎరుగని పెద్దలకొరకు రెండు మాటలు. జార్జి లూకాస్ 1977 మే 25వ తేదీన మొదటి చిత్రమును విడుదల చేసెను. పల్లెలో పెరిగిన బాలుడు, ఆతనికి విద్య గరపిన వృద్ధగురువు, తుదకు తన తండ్రియే యని తేలిన శత్రువు - 1983 నాటికి మూడు చిత్రములలో ఈ కథ నడచినది. జపాను దర్శకుడు అకిర కురొసావా 1958లో తీసిన చిత్రమొకటియు, జోసెఫ్ క్యాంప్‌బెల్ పురాణకథా పరిశీలనయు తనకు దారి చూపినవని లూకాస్ స్వయముగా ఒప్పుకొనెను. 1999 మొదలు 2005 వరకు తండ్రి పూర్వకథ మూడు భాగములుగా వెలువడినది. 2012లో ఆయన తన సంస్థను నాలుగువందల కోట్ల డాలర్లకు పైబడిన మూల్యమునకు డిస్నీ సంస్థకు విక్రయించెను. ఈ విక్రయమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలయును. మా వాదమంతయు దానిపైననే ఆధారపడియున్నది.

రయన్ జాన్సన్ దర్శకత్వము వహించిన ఎనిమిదవ భాగమును విమర్శకులలో అధికసంఖ్యాకులు మెచ్చుకొనిరి. అది ప్రపంచమంతట నూటముప్పది కోట్ల డాలర్లకు మించి ఆర్జించినది. అయినను చిరకాలాభిమానులు రెండు పక్షములుగా చీలిరి. ఈ భాగమును గాథనుండియే తొలగింపుడని లక్షమందికి పైగా సంతకములు చేసిరి. ల్యూకు పాత్రధారి మార్క్ హామిల్ సహితము, ఆ పాత్రను గూర్చి దర్శకుని భావముతో తాను మౌలికముగా విభేదించితినని పలికి, అటుపిమ్మట ఆ మాటను బహిరంగముగా అనినందులకు చింతించెను.

అభిమానుల అభియోగములలో బలమైనది ల్యూకు పాత్రకు సంబంధించినది. నిద్రించుచున్న మేనల్లునియందు చీకటిని కనుగొని క్షణకాలము కత్తి దూసిన ల్యూకు, ఆ సిగ్గుతో లోకమును వీడి ద్వీపమున దాగెను. తమ వీరుడు ఇట్లు చేయునా యని వారి ప్రశ్న. చేయుననియే మా సమాధానము. 1983లో ఇతడే క్రోధావేశమున తండ్రి చేతిని నరికి, ఒక్కక్షణము ఆగి, తన్ను తాను చూచుకొని, చక్రవర్తి యెదుట కత్తిని పారవైచెను. ఆనాడు ప్రేక్షకులు చప్పట్లు చరచిరి. పారవేయుట ఆతనికి క్రొత్త కాదు. మరి 2017లో ఏల కోపము? ఆనాటి చేష్ట ప్రతిజ్ఞ, ఈనాటిది హాస్యము. రెండేండ్లు అద్భుతమునకై నిరీక్షించిన హృదయమునకు దర్శకుడు నవ్వును వడ్డించెను. క్షేమేంద్రుడు ఔచిత్యమును రసమునకు ప్రాణమనుట ఇట్టి తావులను గూర్చియే. ఆ ఒక్క దృశ్యమున అభిమానులు నొచ్చుకొనుట న్యాయమే. కాని నొచ్చిన కంటితో తక్కిన చిత్రమును చూచిరేమో! తుదిలో ల్యూకు ద్వీపమును కదలకయే, ఛాయారూపమున శత్రుసేన నెదుర్కొని, ఎవరిని గాయపరుపక మిత్రులను కాపాడి, జంట సూర్యులు క్రుంకుచుండగా చూచుచు దేహము చాలించును. 1977లో పల్లెయిసుకపై నిలిచి ఆ బాలుడు చూచినదియు జంట సూర్యులనే. ఇంతకంటె గౌరవమైన వీడ్కోలును మేమూహింపజాలము.

జూదనగర ఘట్టము మాత్రము శిథిలమైనది, దానిని సమర్థింపబూనము.

రెండవ అభియోగము రే పుట్టుకను గూర్చినది. ఈమె యెవరి బిడ్డ యని రెండేండ్లు ఊహాపోహలు సాగినవి. త్రాగుడుకొరకు బిడ్డను అమ్ముకొనిన అనామకులే తలిదండ్రులని ఈ చిత్రము చెప్పినది. వంశగౌరవము లేకయే శక్తి లభించునను ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. దురదృష్టవశమున 2019లో వచ్చిన తొమ్మిదవ భాగము దానిని త్రోసిపుచ్చి, ఆమెను దుష్టచక్రవర్తి మనుమరాలిని గావించెను. ఇది నిర్మాతల భీరుత్వమని మా యభిప్రాయము. అభిమానికి వెరచి కూర్చిన కథ అభిమానికిని నచ్చలేదు.

కొందరి చేష్టలను విమర్శ యనరాదు. రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ అను నటి, జాతిదూషణకు గురియై, 2018లో తన చిత్రములను సామాజిక మాధ్యమమునుండి తొలగించుకొని, తన వేదనను పత్రికలో వ్రాసికొనెను. 1999లో జార్ జార్ పాత్రకై నిందలపాలైన అహ్మద్ బెస్ట్, ఆ రోజులలో ఆత్మహత్యను తలచితినని 2018లో వెల్లడించెను. పాత్రపై కోపమును పాత్రధారిపై చూపుటకు ఏ రసికత అనుమతించును?

అయినను ఆ కోపమునకు మూలమును విచారింపవలయును. అదే 1977లో మన నందమూరి తారకరామారావుగారు 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనునకు యుగళగీతమునే కల్పించిరి. భారతమున కది లోటు కాలేదు. ఏలయన భారతమునకు యజమాని లేడు. ఒక కూర్పు నచ్చనివాడు వేరొకదానిని చేపట్టును. చాలకున్న తానే చెప్పుకొనును. నక్షత్రగాథకట్టి సదుపాయము లేదు. 2014లో ఆ సంస్థ, అంతవరకు వెలువడిన నవలలను ప్రామాణికకథనుండి వేరుపరచి ప్రక్కనుంచెను. 1997లో లూకాసే తన చిత్రములను మార్చినపుడు, పాతప్రతిని కాపాడబూనినవారు అభిమానులు! ఏది కథయో ఏది కాదో నిర్ణయించు అధికారము ఒక్కచోటనే యున్నది. ప్రేమించినవానికి అర్జీ తప్ప గతి లేదు. తరములకు పూర్వము వలసవచ్చి, తాతలు తెచ్చిన పలుకుబడిని ఇక్కడ నిలుపుకొనిన మనము, ఆంధ్రదేశమునుండి వచ్చిన బంధువు అది తెలుగు కాదన్నపుడు ఎట్లు చివుక్కుమందుమో, వారి బాధయు కొంత యట్టిదే.

ఈ కలహమున ఎవరును తగినంతగా గమనింపని దృశ్యమొకటి చిత్రాంతమున నున్నది. జూదనగరపు అశ్వశాలలో పనిచేయు దిక్కులేని పిల్లలు గుమిగూడి, చేతితో చేసికొనిన బొమ్మలతో, ల్యూకు ఒంటరిగా సేన నెదుర్కొనిన కథను తమ భాషలో తాము చెప్పుకొనుచుందురు. యజమాని వచ్చి గద్దించును. వారిలో ఒకడు వెలుపలికి వచ్చి, చీపురును తాకకయే చేతిలోనికి రప్పించుకొని, ఊడ్చుచు ఊడ్చుచు ఆకాశమువైపు చూచును.