మండువాకు అద్దాల మూత

కొత్త విల్లాల ప్రకటనల్లో ఈ వారం మళ్లీ మండువా కనిపించింది, అయితే ఈసారి పైన అద్దాల మూతతో. గోదావరి, కృష్ణా జిల్లాల పాత పెంకుటిళ్లలో నాలుగు వైపులా వసారాలు దించి, నడుమ ఆకాశానికి తెరచి విడిచిన చోటు మండువా. అటువంటి ఇల్లు మండువా లోగిలి. పెంకుల వాలు లోపలికే ఉండటం వల్ల వాననీరు ఇంటి మధ్యలోనే పడి తూము గుండా బయటికి పోయేది. జల్లు మొదలైతే చాలు, చూరు కింద గంగాళాలూ బిందెలూ వరుసగా వెలిసేవి. వేసవిలో వేడెక్కిన గాలి ఆ తెరపి గుండా పైకి పోతుంటే, వీధి తలుపు నుంచీ పెరటి తలుపు నుంచీ వేరే గాలి లోపలికి వచ్చేది. అక్కడ అద్దం బిగించడమంటే ఎండను రానిచ్చి వేడిని పోనివ్వకపోవడమే కనుక, ఆ హాలుకు ఇక ఏసీయే దిక్కు.

అటువంటి ఇళ్ల ముందుండే అరుగుల మీద ఈ శీర్షికకు ఉన్న పక్షపాతం పాఠకులకు కొత్త కాదు. వీధి తలుపుకు అటూ ఇటూ మోకాటి ఎత్తున కట్టి నాపరాయి పరిచిన ఆ గట్టు ఇంటిదీ వీధిదీ కూడా కావడం వల్ల, పిలవకుండా వచ్చి కూర్చున్న మనిషి అక్కడ చుట్టమూ కాడు, పరాయివాడూ కాడు. మజ్జిగ అడిగి తాగవచ్చు, పేపరు తిరగేయవచ్చు, ఒక్క మాటా ఆడకుండా లేచి పోవచ్చు. ఇంటికి హాయి తెచ్చేది గోడల రంగులూ సోఫాలూ కాదనీ, లోపలికీ బయటికీ నడుమ మిగిల్చిన ఇటువంటి జాగాయేననీ ఇక్కడ పలుమార్లు వాదించడం జరిగింది.

అయితే ఆ వాదాన్ని వంటింటి దాకా తీసుకువెళితే అది నిలవదు. అరుగు మీద కూర్చునేది చాలావరకు మగవారే, అందులోనూ కొన్ని కులాలవారే. తక్కినవారు వీధిలో నిలబడే మాట్లాడేవారు. ఆ మజ్జిగ చిలికిన మనిషి తలుపు చాటున ఉండేది. మండువా గాలి ఎంత చల్లనిదైనా, నేలమట్టాన ఉన్న కట్టెల పొయ్యి ముందు కూర్చుని, తడి కట్టెలను ఊదుగొట్టంతో ఊదుతూ, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, ప్రతి గిన్నెకూ వంగి లేచే మనిషికి అది దక్కింది తక్కువే. పెంకుటింటి వైభవాన్ని వర్ణించే వ్యాసాల్లో ఊదుగొట్టం ఊసు అరుదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలై, పేద మహిళలకు వంటగ్యాస్ కనెక్షన్లు ఇప్పించిన దీపం పథకానికి తెలుగు ఇంటి చరిత్రలో ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. స్టవ్ గ్యాస్ బండ కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం కాబట్టి, బండ వచ్చిన ఇంట్లో పొయ్యి నేల విడిచి గట్టెక్కింది, వంట చేసే మనిషి నిటారుగా నిలబడింది. పొగ పోవడంతో వంటిల్లు పెరటి మూల నుంచి హాలు పక్కకు జరిగింది. బండ ధర భరించలేక కట్టెల పొయ్యినీ అట్టే ఉంచుకున్న ఇళ్లు లేకపోలేదు గానీ, ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు పనిచేసే మనిషికి నడుము నొప్పీ కళ్ల మంటా తగ్గిన చోటు, అరుగూ మండువా లేని రెండు గదుల ఫ్లాటైనా, లోగిలి కంటే హాయైన ఇల్లేనని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ హాయి కూడా ఇంకా సగమే, ఎందుకంటే బిల్డర్లు ఫ్లాట్లన్నిటికీ గట్టును ఒకే ఎత్తున పోస్తారు, పొట్టి మనిషి దాని ముందు పీట వేసుకుని పోపు పెడుతుంది, గట్టు మీద రాయి పరిచే ముందు తాపీమేస్త్రి ఆమె మోచేతి ఎత్తు కొలవడం మాత్రం ఎక్కడోగాని జరగదు.