పాచికల పట్టికలు – సూత్రధారుని ప్రతిభ

పాచిక యనఁగానే మనకు నలుఁడును ధర్మరాజును స్ఫురింతురు. రాజ్యము నపహరించు సాధనముగనే దాని నెఱుఁగుదుము గాని కథను సమకూర్చు సాధనముగా నెఱుఁగము. అట్టి ప్రయోజనమును దానికిఁ గల్పించిన గ్రంథములు 1974వ సంవత్సరము మొదలుగా నమెరికాదేశమున వెలువడుచున్నవి. ఆ యేఁట గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కూర్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడ ప్రకటిత మయ్యెను. ఇందు గెలుపోటములు ప్రధానములు గావు. క్రీడాకారు లొక్కొక పాత్రను వహించి, తమ పాత్ర యేమి చేయునో మాటలతోఁ జెప్పుదురు. వేఱొకఁడు సూత్రధారుఁడై లోకమును వర్ణించి, తక్కిన పాత్రల నెల్లఁ దానే పలికించును. కథ చాలవఱ కప్పటికప్పుడు పుట్టును. ఆ సూత్రధారున కాలంబనముగా నేర్పడినవే పాచికల పట్టికలు. వానియందు సాహిత్యవిమర్శకు నిలువఁదగిన గుణము గలదా యనునదియే యీ వ్యాసమునందలి విచారము.

ప్రతిభ గలవానికిఁ బట్టిక యేల? లేనివానికిఁ బట్టిక యేమి చేయును? అని కొంద ఱాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము మనకుఁ గ్రొత్తది గాదు. 13వ శతాబ్దమున ఘూర్జరదేశమున వెలసిన యమరచంద్రుని కావ్యకల్పలతావృత్తి, కవనమును శీఘ్రముగాఁ జెప్పఁగోరువారికి ఛందస్సునకు సరిపడు పదములను, వర్ణనలకుఁ దగిన యుపమానములను వరుసలుగాఁ గూర్చి యిచ్చినది. దానిని జదివినమాత్రన నెవ్వఁడును గవి కాఁడు. ఐనను నది కవికి నిష్ప్రయోజనము గాదు. కావున సామగ్రి యుండుట దోషము గాదు. ఆ సామగ్రి యెట్టిదై యుండవలెనో యదియే విచార్యము.

అవధానసభను స్మరించినచో విషయము స్పష్టమగును. సమస్య నిచ్చువాఁ డొకఁడు, పూరించువాఁడు వేఱొకఁడు. ఇరువురు నొక్కఁడే యైనచో నది సమస్యయే కాదు. పూరణకు లొంగుదానినే యతఁ డెంచుకొనును. క్రీడాసూత్రధారుని కష్టము సరిగా నిదియే. తన కథకుఁ దానే యవరోధమును గల్పించుకొనవలెను. కొంతకాలమునకు మనస్సు పరిచితమార్గముననే నడచును. ప్రతి సత్రమునందు నొకే యజమానుఁడు, ప్రతి గుహయందు నొకే భూతము. పాచిక యిచటఁ బృచ్ఛకుని స్థానమును వహించును. దానికిఁ బక్షపాతము లేదు, దయయు లేదు. కావునఁ బట్టిక సమస్య నీయవలెను గాని పూరణము నీయరాదు. ఇది ప్రథమలక్షణము.

గైగాక్స్ 1979లో వెలువరించిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ అను గ్రంథము నీ లక్షణముచేఁ బరీక్షింతము. దాని మొదటి యనుబంధమున భూగృహములను బాచికతో నిర్మించు విధానము గలదు. నడవలో నడచుచు నిరువది ముఖముల పాచికను వేయవలెను. 1, 2 పడిన నడవ తిన్నగాఁ బోవును, 3 మొదలు 5 వఱకు ద్వారము, 6 మొదలు 10 వఱకుఁ బ్రక్కత్రోవ, 11 మొదలు 13 వఱకు మలుపు, 14 మొదలు 16 వఱకు గది, 17 సోపానములు, 18 త్రోవ ముగియుట, 19 ఉచ్చు లేక మాయ, 20 సంచరించు భూతము. ఇందు శైలి లేదు, వర్ణన లేదు. ఐనను నిది మంచి పట్టిక. దాదాపుగాఁ బ్రతి ఫలమును గ్రీడాకారుని నొక నిర్ణయమునకుఁ బురికొల్పును. ద్వారమును దెఱచుటయా, మానుటయా? ప్రక్కత్రోవఁ బోవుటయా, తిన్నగా నడచుటయా?

ఆ గ్రంథమునందే నగరసంచారభాగమున వారాంగనలకును దత్సంబంధులకును బండ్రెండు పేళ్లు గల పట్టిక యొకటి గలదు. అవి చాలవఱకుఁ బర్యాయపదములు. నిఘంటువునఁ జేరఁదగినవి గాని కథకు భేదమును గలిగించునవి గావు. వానిలోని పరిహాసము గూడ నీచమైనది. కాని యా పట్టిక వెంబడి నున్న వివరణమునందు, అట్టి స్త్రీకి విలువగల వార్త తెలిసియుండుటకు నూటికి 30 పాళ్లును, బహుమానమున కాశించి కల్పించి చెప్పుటకు 15 పాళ్లును నవకాశము చెప్పఁబడినది. కథాబీజము పండ్రెండు పేళ్లయందుఁ గాక యీ రెండు సంఖ్యలయం దున్నది. శబ్దభేద మర్థభేదమును దేనిచో భారమే.

1981లో టామ్ మోల్డ్వే సంస్కరించిన ప్రారంభికగ్రంథమున, ఎదురుపడిన భూత మెట్లు ప్రవర్తించునో తెలుపు చిన్న పట్టిక గలదు. ఆఱు ముఖముల పాచికలు రెండు వేసి మొత్తమును జూడవలెను. 2 వచ్చినఁ దత్క్షణమే పైఁబడును. 3 మొదలు 5 వఱకు వైరము. 6 మొదలు 8 వఱకు సందిగ్ధము. 9 మొదలు 11 వఱకుఁ బోరు లేదు. 12 వచ్చిన గాఢమైత్రి. రెండు పాచికలు పడు తీరులు 36. వానిలో మొదటిదానికి 1, రెండవదానికి 9, మూఁడవదానికి 16, నాలవదానికి 9, తుదిదానికి 1. ఒకే పాచిక వేసినచో సంఖ్యల కన్నిటికి సమానావకాశము. ఇచట నట్లు గాదు. సందేహమే యధికముగా వచ్చునట్లు కూర్పఁబడినది. సందేహ మున్నచోటనే సంభాషణము పుట్టును. ఐదు పంక్తులలో నింత నాటకజ్ఞాన మిమిడియుండుట ప్రశంసనీయము.

వైయాకరణుల పరిభాషలోఁ జెప్పవలెనన్న, గణములు రెండువిధములు. సర్వాదిగణము పరిమితము, పఠింపఁబడిన పదములకే కార్యము. అర్శఆదిగణ మాకృతిగణము, పఠింపఁబడినవి మచ్చునకు మాత్రమే, ఆ రూపము గల యితరపదములును బ్రయోగానుసారముగాఁ జేరును. మంచి పట్టిక యాకృతిగణము వంటిది. పది పంక్తులు చదివిన సూత్రధారుఁడు పదునొకండవదానిని దానే కల్పింపఁగలుగవలెను. నూఱు పంక్తులున్నను నట్టి యాకృతి కానరానిచో నది పదముల కుప్ప మాత్రమే. ఇది ద్వితీయలక్షణము.

ఇఁక నొక ధర్మసందేహము. పాచిక వేసిన పిదప ఫలము రుచింపనిచో సూత్రధారుఁడు దానిని రహస్యముగా మార్చుకొనవచ్చునా? గైగాక్స్ తన గ్రంథమునఁ బాచికను ద్రోసివైచు నధికారము నతని కిచ్చియున్నాఁడు. ఈ మతము నాకు సమ్మతము గాదు. పాచిక వేయుట వైకల్పికము. వేసినపిదప ఫలము నిత్యము. పృచ్ఛకుఁ డిచ్చిన సమస్యను జాటున దిద్దుకొని పూరించిన యవధానిని సభ మెచ్చునా? క్రీడాకారులు తమ పాత్రల జీవితమును బణముగా నొడ్డుట యా పాచికయందలి విశ్వాసముచేతనే. ఫలము పూర్వకథతో విరోధించునట్లు తోఁచిన, మొదట సమన్వయమునకుఁ బ్రయత్నింపవలెను. ప్రతిభకుఁ దావు సరిగా నచటనే గలదు. సమన్వయ మసాధ్య మగుచో నందఱియెదుటఁ జెప్పి మరల వేయుట యుక్తము.

పాఠశాలలలోఁ గథారచన నేర్పు పండితులు దీనిని బరీక్షింపవచ్చును. వ్యక్తి, కోరిక, విఘ్నము అను మూఁడు వరుసలలో నాఱేసి పంక్తులు వ్రాసి పాచికను మూఁడుమాఱులు వేయించినచో 216 సమస్యలు లభించును. పూరణభారము బాలునిదే. ఆ భారమును దాను మోయక బాలునికి వదలిన పట్టికయే మేలైనది.