అతుకు పడే చోట

వీడియోలో మనుషులు నడిచే దారిని వెంటాడడం మా పని. కెమెరాలో మనిషి కనిపిస్తున్నంతసేపూ అందులో పెద్ద కష్టం లేదు. ఇప్పుడిక్కడున్నాడు, ఇంత వేగంతో అటు నడుస్తున్నాడు, తర్వాతి ఫ్రేములో ఫలానా చోట తేలతాడు అని లెక్క కట్టడానికి 1960 నాటి కాల్మన్ ఫిల్టర్ చాలు. పదిమంది ఒకేసారి నడుస్తుంటే వాళ్ల చుట్టూ గీసిన బాక్సుల్లో ఏది ఎవరిదో పంచడానికి 1955లో హెరాల్డ్ కూన్ ప్రచురించిన హంగేరియన్ పద్ధతి ఉంది. ఎన్ని కొత్త హంగులొచ్చినా చాలా ట్రాకర్ల అడుగున ఇప్పటికీ ఈ ముసలి లెక్కలే నడుస్తుంటాయి.

అసలు చిక్కంతా కెమెరాకీ కెమెరాకీ మధ్యనే. మొదటిదాని అంచు దాటిన మనిషి రెండోదానిలోకి వచ్చేలోపు టీ తాగొచ్చు, తెలిసినవాళ్లు ఎదురైతే కబుర్లలో పడొచ్చు, వచ్చిన దారినే వెనక్కి పోవచ్చు. ఒక కెమెరా ఎండలో, ఇంకోటి నీడలో ఉంటే నీలం చొక్కా నలుపైపోతుంది. ఇక్కడ ఎదురుగా వచ్చినవాడు అక్కడ వీపు చూపిస్తాడు. మొహం గుర్తుపట్టేంత పెద్దగా చాలాసార్లు పడదు. ఇక మిగిలేవి బట్టలు, సంచీ, ఒడ్డూ పొడుగూ, ఆ దూరం నడవడానికి పట్టే సమయం. బడి వదిలే వేళ యూనిఫాం పిల్లలు గుంపుగా వచ్చారా, బట్టల ఆధారం గల్లంతే.

ఈ విద్యలో ఎంతోమంది చేయి తిరిగింది ఒకే వీడియో మీద. 2014లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఆవరణలో 8 కెమెరాలతో 85 నిమిషాలు తీసినది. అందులో 2,700 మందికి పైగా నడుస్తారు. 2016లో దాన్ని బయటపెట్టిన పరిశోధకులు కొలతనీ మార్చారు. అప్పటిదాకా ట్రాకర్ ఒక్కో మనిషికిచ్చే ఐడీ విషయంలో ఎక్కువగా చూసేది అది ఎన్నిసార్లు మారిందన్నదే. వీళ్ల కొత్త కొలత ఐడీఎఫ్1 అడిగేది వేరు: ఒకరికిచ్చిన ఐడీ ఎంతసేపు నిజంగా వాళ్లదే? నాకు ఇదే నచ్చుతుంది. మారింది ఒక్కసారే అయినా, దారి మొదట్లోనే మారితే మిగతా నడకంతా ఇంకొకరి ఖాతాలో పడుతుంది కదా. నడిచినవాళ్ల అనుమతి లేకుండా ఆ వీడియో లోకమంతా తిరుగుతోందని విమర్శలు రావడంతో 2019లో తీసేశారు. అప్పటికే దించుకున్న కాపీల సంగతి దేవుడికెరుక.

రెండు కెమెరాల్లో కనిపించింది ఒకే మనిషా అని అనుమానమొస్తే దారిని అక్కడే తెంచేయాలన్నది నా పట్టుదల. రెండు ముక్కలైన దారిని తర్వాత ఎవరైనా చూసి కలపొచ్చు. తప్పుగా అతికినది తప్పని పట్టుకోవడమే కష్టం. తెర మీద గీత నున్నగా, నమ్మకంగా సాగిపోతుంది. దొంగతనం జరిగిన కొట్లో మొదలైన ఆ గీత ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్ల తలుపు కొడతారు.

డెమో చూడ్డానికి వచ్చినవాళ్లకి తెగిన గీతలు గిట్టవు. “మధ్యలో ఎందుకు పోయిందండీ?” అంటారు. ఒకే మనిషని ఒప్పుకోవడానికి కావలసిన పోలిక కటాఫ్ కాస్త దించితే అన్నీ చక్కగా కలిసిపోతాయి, కొనేవాళ్ల మొహాలు వెలుగుతాయి. నేను మాత్రం తెగిన ప్రతిచోటా ఎర్రచుక్క పెట్టి, పక్కన రెండు ముక్కల ఫొటోలూ, మధ్యలో పోయిన సమయమూ చూపిస్తాను. కలపాలో వద్దో తేల్చేది అక్కడ కూర్చున్న ఉద్యోగి. అలాగైతే మనుషుల్ని ఎక్కువ పెట్టాలి, ఖర్చు పెరుగుతుందని సణుగుతారు. పెరుగుతుంది మరి.