మనసు మట్టం

వానాకాలంలో సున్నిపెంట పలకరింపు వేరు. "బాగుండారా" అనేకంటే ముందే "ఎంత ఎక్కినాయంట సార్ నీళ్లు?" అంటారు. నిండు మట్టమైన 885 అడుగులకు ఇంకెంత ఉందని దాని అర్థం. శ్రీశైలం డ్యామ్ పనికి వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు మరి. వరద రోజుల్లో మట్టం గంటగంటకూ రాస్తారు. రాయాల్సిందే. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లెవరూ దాన్ని దండగ అనరు.

ఇప్పుడు ఫోన్లు మనసుకూ ఇదే లెక్క అడుగుతున్నాయి. మా అమ్మాయి నా ఫోన్లో ఓ యాప్ వేసిపెట్టింది. మొన్న బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీ కొరికానో లేదో, జేబులో కుయ్‌మంది: ఇప్పుడు ఎలా ఉన్నారు? కింద ఐదు బొమ్మ మొహాలు. అప్పటిదాకా బజ్జీ సంగతే తప్ప నా సంగతి నాకు పట్టలేదు. నవ్వే మొహం నొక్కుదామంటే, అంత సంతోషమా అని అనుమానం. మధ్యది నొక్కితే బజ్జీకి అన్యాయం. తేల్చుకునేలోగా అది కాస్తా చల్లారింది.

డ్యామ్ మట్టాన్ని ఎన్నిసార్లు చూసినా చుక్క నీరు తగ్గదు. మనసు అలా కాదు. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ స్కూలర్ బృందం కొందరికి స్ట్రావిన్‌స్కీ సంగీతం వినిపించింది. వింటున్నంతసేపూ తమ సంతోషాన్ని కొలుచుకుంటూ కూర్చున్నవాళ్లకంటే ఊరికే విన్నవాళ్లే హాయిగా ఉన్నారు.

అలాగని అసలు రాయొద్దనను. బైపోలార్ ఉన్నవాళ్లను రోజూ రాసుకోమని డాక్టర్లే చెబుతుంటారు. అది వరదకాలపు లెక్క. డిప్రెషన్‌ను పసిగట్టే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు మాత్రం ఈ క్షణం గురించి అడగవు, గడిచిన 2 వారాల గురించి అడుగుతాయి. అడిగితే అలా అడగాలి.

నా మటుకు నాకు అదీ తొందరే. శ్రీశైలం జలాశయాన్నే చూడండి, మొదట్లో 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు 215 చిల్లర. మిగతాదంతా పూడిక. మట్టం రిజిస్టరు ఎంత తిరగేసినా అది కనపడదు. 885 అప్పుడూ 885, ఇప్పుడూ 885. ఏళ్లకోసారి లోతు కొలిస్తేనే బయటపడింది.

అందుకే యాప్ గంట ఆపేశాను. ఉగాదికీ దసరాకూ నోటుబుక్కులో ఒక్కో పేజీ రాస్తున్నాను: ఈమధ్య దేంట్లో పడితే టైము తెలియట్లేదని. ఉగాది పేజీలో చదరంగం ఉంది, దసరా పేజీలో లేదు. నాతో ఆడే పెద్దాయన నంద్యాలకు మారిపోయాడు, నేనూ పట్టించుకోలేదు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నానని, బోర్డు దుమ్ము దులిపి ఉంచమని కబురు పెట్టాను.