సినిమా ఆధారిత వీడియో గేమ్ పసిపిల్లలకు తగునా? – 'లెగో స్టార్ వార్స్' పరిశీలన

ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక వీడియో గేమ్‌ను పిల్లల దృష్టితో పరిశీలించగలుగుతారు. వయసు గుర్తుకూ, విమర్శకుడి తీర్పుకూ గల తేడాను వివరించగలుగుతారు.

పరిచయం

సినిమాను, కథను విమర్శించినట్లే ఆటనూ విమర్శించవచ్చు. ఉదాహరణగా బ్రిటన్‌కు చెందిన ట్రావెలర్స్ టేల్స్ సంస్థ రూపొందించగా 2005లో విడుదలైన 'లెగో స్టార్ వార్స్'ను తీసుకుందాం. 1999, 2002, 2005 సంవత్సరాల్లో వచ్చిన మూడు స్టార్ వార్స్ సినిమాల కథను ఇది లెగో బొమ్మలతో చెబుతుంది. వాటిలో చివరిదైన 'రివెంజ్ ఆఫ్ ది సిత్'కు అమెరికాలో పీజీ-13 గుర్తు ఇచ్చారు. స్టార్ వార్స్ సినిమాల్లో ఆ గుర్తు పొందిన మొదటిది అదే. ఆటకు మాత్రం అందరికీ తగినదన్న 'ఈ' గుర్తు వచ్చింది. పదమూడేళ్లలోపు వారి విషయంలో జాగ్రత్త అవసరమన్న కథ, ఆట కాగానే అందరిదీ ఎలా అయింది? మన పరిశీలన ఇక్కడ మొదలవుతుంది.

గుర్తు చెప్పేది, చెప్పనిది

వయసు గుర్తు ఆటలోని హింస, భయం, భాష వంటి వాటిని చూస్తుంది. ఆడటం ఎంత కష్టమో చూడదు. యూరప్‌లోని పెగీ పద్ధతిలో '3' అని ఉంటే, మూడేళ్ల బిడ్డకు హాని చేసేదేదీ అందులో లేదని మాత్రమే అర్థం. ఆ బిడ్డ ఆడగలదని కాదు. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఆట నిర్మాణం

ఈ ఆటలో పసివాళ్ల పట్ల ఎంతో ఆదరణ ఉంది. పాత్రకు నాలుగు హృదయాలుంటాయి. అవి పోతే బొమ్మ ముక్కలై, కొన్ని నాణేలు రాలి, వెంటనే అక్కడే లేచి నిలబడుతుంది. 'నువ్వు ఓడిపోయావు' అనే తెర రాదు. రెండోవారు ఎప్పుడైనా ఆటలో చేరవచ్చు, తప్పుకోవచ్చు. పాత్రలు మాట్లాడవు, సైగలతోనే కథ నడుపుతాయి. అందువల్ల ఇంగ్లీషు రాని మన తెలుగు పిల్లవాడికి కూడా సన్నివేశం అడ్డురాదు.

అయితే లోపాలూ ఉన్నాయి. పాడ్ రేసు ఘట్టంలో వెనుకబడితే ఆ భాగాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. అంతవరకూ ఓటమి ఎరగని పిల్లవాడు అక్కడ ఏడుపు ముఖం పెడతాడు. ఇద్దరికీ తెర ఒక్కటే కాబట్టి ఒకరు ముందుకు పోతే రెండోవారు ఇరుక్కుంటారు. అన్నదమ్ములు ఆడితే తగాదా తప్పదు.

కథ అందిందా?

అసలు ప్రశ్న ఇది. బొమ్మలు ముక్కలవడం వల్ల రక్తం, నొప్పి కనబడవు. హింస వేడి తగ్గింది, నిజమే. కానీ దానితోపాటు కథలోని దుఃఖం కూడా తగ్గింది. మా ఆరేళ్ల మనవడి పక్కన కూర్చుని నేనూ ఈ ఆట ఆడాను. చివర ఓబీ-వాన్, అనాకిన్ లావా మధ్య తలపడే ఘట్టం వచ్చింది. వాడు ఆట ఆపి, "తాతయ్యా, వీళ్లిద్దరూ ఇంతసేపూ ఒక పక్షమే కదా, ఇప్పుడెందుకు కొట్టుకుంటున్నారు?" అని అడిగాడు. సినిమాలో దానికి జవాబు ఉంది: ఆప్తులను పోగొట్టుకుంటానన్న భయం, అధికార వ్యామోహం. మాటలు లేని ఈ ఆట సినిమా చూసినవారి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. చూడని పిల్లవాడికి మిగిలేది కారణం తెలియని కొట్లాట.

తీర్పు

ఆరేడేళ్ల పిల్లలకు, పక్కన పెద్దలుంటే, ఇది మంచి ఆట. మూడు నాలుగేళ్ల వారికి తగదు. హింస వల్ల కాదు, వేళ్లకూ బుద్ధికీ అందదు కనుక. మూడో సినిమా భాగాన్ని మాత్రం, పిల్లవాడు అడిగే 'ఎందుకు'కు జవాబు చెప్పే ఓపిక మీకున్న రోజునే ఆడించండి. నా మనవడికి ఆ రోజు జవాబు చెప్పడానికి అరగంట పట్టింది. ఆటలో అన్నిటికన్నా విలువైన అరగంట అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వయసు గుర్తు ఏ విషయాన్ని చెప్పదు?
2. హింసను తేలిక చేయడం కథకు మేలా, నష్టమా? మీకు తెలిసిన ఒక ఆటను పిల్లలతో కలిసి ఆడి, పది వాక్యాల్లో చర్చించండి.