‘నేరము - శిక్ష’లో రెండు నదులు: పీటర్స్‌బర్గ్, సైబీరియా

దోస్తోయెవ్‌స్కీ 1866లో ప్రచురించిన ‘నేరము - శిక్ష’ కథ మీకు ఇప్పటికే పరిచయమైంది. పేద విద్యార్థి రస్కోల్నికోవ్ తాకట్టు వ్యాపారం చేసే ముసలమ్మను, ఆమె సవతి చెల్లెలిని గొడ్డలితో చంపుతాడు. చివరకు నేరం ఒప్పుకొని సైబీరియాకు ఖైదీగా వెళతాడు. అక్కడ, ఉపసంహారంలో, అతని మనసు మారుతుంది. ఆ మార్పు కథలో నుంచి పుట్టలేదనీ, రచయిత తెచ్చి అతికించాడనీ చాలామంది విమర్శకులు ఆక్షేపించారు. ఈ ఆక్షేపణ బలం ఎంతో తేల్చుకోవడానికి రష్యా పటాన్ని పక్కన పెట్టుకొని నవలను మళ్ళీ చదవండి.

సెన్నయా పేట

పీటర్స్‌బర్గ్ తనంతట తాను పెరిగిన ఊరు కాదు. 1703లో పీటర్ చక్రవర్తి నేవా నది సముద్రంలో కలిసేచోట, చిత్తడి నేల మీద దాన్ని కట్టించాడు. ఇంచుమించు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల వేసవిలో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు. పడమటి గాలి బలంగా వీస్తే నది వెనక్కు పొంగి వీధుల్లోకి వస్తుంది. 1824 నాటి వరద ఈ నగర చరిత్రలోనే పెద్దది. 1861లో అర్ధబానిసత్వం రద్దయ్యాక పల్లెల నుంచి జనం ఇక్కడికి ఇంకా ఎక్కువగా రాసాగారు. నవల నాటికి జనాభా ఐదు లక్షలు దాటింది. హత్యానేరం తన మీద వేసుకునే రంగులు పూసే కుర్రవాడు మికోల్కా కూడా ర్యాజాన్ ప్రాంతపు పల్లె నుంచి కూలికి వచ్చినవాడే.

ఇంత పెద్ద నగరంలో కథ ఎక్కువగా నడిచేది ఒక్క పేటలో. సెన్నయా అంటే గడ్డి సంత. దాని చుట్టూ సారా కొట్లు, ఇరుకు సందులు, కంపు కొట్టే కాలువ. నవల రాసే కాలంలో దోస్తోయెవ్‌స్కీ కూడా ఆ పేటలోనే, స్తోల్యార్నీ సందు మూల ఇంట్లో అద్దెకు ఉన్నాడు. రస్కోల్నికోవ్ గది నుంచి ముసలమ్మ ఇంటికి 730 అడుగులని నవల లెక్క చెబుతుంది. ఇవి కొలబద్ద అడుగులు కావు, నడిచే అడుగులు. అంటే సుమారు అరకిలోమీటరు. హత్యకు ముందే అతడు ఆ దూరాన్ని లెక్కపెట్టుకున్నాడన్నది గమనించండి. ఊహ పథకంగా మారింది ఆ కొలతలోనే.

ఇదే నగరానికి మరో ముఖం ఉంది. రెండో భాగంలో రస్కోల్నికోవ్ నికొలాయెవ్‌స్కీ వంతెన మీద నిలబడి నేవా వైపు చూస్తాడు. నీళ్ళు నీలంగా ఉన్నాయి, చర్చి గుమ్మటం ఎండలో మెరుస్తోంది. కానీ ఆ వైభవం అతనికి మూగదిగా, చల్లగా తోస్తుంది. బిచ్చగాడనుకొని ఎవరో చేతిలో పెట్టిన నాణేన్ని నదిలోకి విసిరేస్తాడు. నా దృష్టిలో నవల మొత్తంలో నగరాన్ని ఇంత సూటిగా పట్టిచ్చిన ఘట్టం మరొకటి లేదు. సెన్నయా నుంచి ఆ నదికి కొద్దిసేపటి నడకే. అయినా పేటలో ఉక్కపోసిన మనిషికి నది గాలినివ్వదు.

ఈ ‘గాలి’ అన్న మాటను వెంబడించండి. ఈ ఊళ్ళో వీధులు కూడా కిటికీ లేని గదుల్లా ఉన్నాయని తల్లి వాపోతుంది. నీకు గాలి కావాలని విచారణాధికారి పోర్ఫీరీ అంటాడు, స్విద్రిగైలోవ్ కూడా అంటాడు. ఒకరికొకరు పోలిక లేని ముగ్గురు ఒకే కొరతను చెప్పడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇర్తిష్ ఒడ్డు

ఉపసంహారంలో నగరం మాయమై, విశాలమైన నది ఒడ్డున కోట, కోటలో జైలు కనిపిస్తాయి. ఊరి పేరు రచయిత చెప్పడు. అయితే ఆయన 1850 నుంచి 1854 వరకు ఓమ్స్క్ జైలులో శిక్ష అనుభవించాడు కాబట్టి ఇది ఓమ్స్క్ అనీ, నది ఇర్తిష్ అనీ పాఠకులు గుర్తిస్తారు. రాజధానికి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఉరల్ పర్వతాల అవతల, మొదటిసారి రస్కోల్నికోవ్ చూపుకు అడ్డు లేదు. గాలి కోసం అంతసేపు వేచిన కథ గాలి ఉన్న చోటికి చేరింది. అందుచేత మార్పు అతికించినదన్న వాదం నిలవదు. మనస్తత్వ చిత్రణలో తొందర ఉన్నమాట నిజమే గాని, స్థలం దాన్ని మొదటి పుట నుంచీ సిద్ధం చేస్తూనే ఉంది.

నా అభ్యంతరం వేరు. అవతలి ఒడ్డున స్టెప్పీ మైదానంలో సంచార జాతుల గుడారాలు చుక్కల్లా కనిపిస్తాయి. అక్కడ స్వేచ్ఛ ఉందనీ, కాలం అబ్రహాము నాటి నుంచి కదలనే లేదనీ రస్కోల్నికోవ్‌కు తోస్తుంది. ఆ గుడారాలు కజక్ ప్రజలవి. ఓమ్స్క్ 1716లో కోటగా వెలిసింది. ఆ కోటల వరుస వారి నేల అంచునే నడిచింది. 1822లో రష్యా ప్రభుత్వం వారి ఖాన్ పదవిని రద్దు చేసింది. నవల వెలువడడానికి ముందు సంవత్సరమే రష్యన్ సైన్యం తాష్కెంట్‌ను పట్టుకుంది. ఖైదీ కళ్ళకు స్వేచ్ఛగా కనిపించిన ఒడ్డు అప్పటికే స్వేచ్ఛ పోగొట్టుకుంటోంది.

అది రస్కోల్నికోవ్ చూపే గాని రచయితది కాదని మీరు వాదించవచ్చు. మంచి వాదమే. కానీ 1881లో గియోక్-తెపె కోట పడినప్పుడు, ఆసియాలో రష్యా ముందడుగును దోస్తోయెవ్‌స్కీ తన పేరుతోనే ఉత్సాహంగా సమర్థించాడు. పైగా కాలం కదలని కజక్‌లే ఆయనకు తెలుసనుకోవడానికి వీల్లేదు. ఓమ్స్క్ సైనిక విద్యాలయంలో చదివి, కాష్గర్ వరకు ప్రయాణించి, ఆ దేశాల గురించి రష్యన్‌లో రాసిన కజక్ పండితుడు చోకాన్ వలిఖానోవ్ ఆయనకు ఆప్తమిత్రుడు. వలిఖానోవ్ 1865లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండా మరణించాడు.